కుక్కపిల్ల పలుకులకు పుట్టిన అక్షరములు

న్యాయస్థానము పంపిన నోటీసును, పెండ్లి శుభలేఖను ప్రక్కప్రక్కన గోడకు అంటించి పది అడుగుల దూరమునుండి చూచినచో, ఒక్క మాటయైన చదువకముందే ఏది ఏదియో తెలిసిపోవును. శుభలేఖ అంచులకు పూసిన పసుపు కొంత చెప్పును. తక్కినది అక్షరముల రూపమే చెప్పును. "దయచేయుడు" అను మాటను ఆదరముతో పలుకవచ్చును, అధికారముతోను పలుకవచ్చును. నోటి మాటకు కంఠస్వరము చేయు పనినే అచ్చు మాటకు అక్షరపు వంపు చేయుచున్నది.

అచ్చు పనివారికి ఈ సంగతి ఏనాటినుండియో తెలియును. దీనిని సామాన్య జనులకు కూడ తెలియజేసినది మాత్రము ఒక ఫాంటు. అదియు పొగడ్తలతో కాదు, తాను పడిన తిట్లతో. దాని పేరు కామిక్ సాన్స్. ఫాంటు అనగా ఒకే పోకడ గల అక్షరముల జట్టు. పూర్వము అది సీసముతో పోతపోసిన టైపు. నేడు కంప్యూటరులో గీతల కొలతలుగా దాచియుంచిన రూపముల పట్టిక. కామిక్ సాన్స్ అక్షరములు ఒక పిల్లవాడు శ్రద్ధగానే వ్రాసినను, చేయి కొంచెము అటునిటు కదలినట్లుండును. గీతల కొనలు మొద్దుగా, గుండ్రముగా ఉండును. నిలువు గీతలు పూర్తిగా నిటారుగా ఉండవు. ఏ రెండు అక్షరములును బద్దపెట్టి గీసినట్లు కనబడవు.

అచ్చు అక్షరము చేతివ్రాతను అనుకరించుట ఇది మొదటిసారి కాదు. అచ్చు పుట్టినదే ఆ అనుకరణతో. 1455 ప్రాంతమున జర్మనీలోని మైంజు నగరములో గూటెన్‌బర్గు బైబిలును అచ్చువేసినప్పుడు, అది లేఖకుల వ్రాతవలెనే కనబడుటకై సుమారు 290 రకముల అచ్చు ముక్కలను తయారుచేయించెను. లాటిను భాషకు అక్షరములు ఇరువది చిల్లరయే. తక్కినవి పెద్ద అక్షరములు, జంట అక్షరములు, లేఖకులు శ్రమ తగ్గించుకొనుటకు వాడు సంక్షేప చిహ్నములు, ఒకే అక్షరమునకు వెడల్పులో తేడాగల రూపములు. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూటియస్ అను ప్రచురణకర్త, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఏటవాలు అక్షరములతో వర్జిలు కవి గ్రంథమును చిన్న పరిమాణములో వెలువరించెను. ఆనాటి ఇటలీ పండితులు వేగముగా వ్రాయునప్పటి ఒరపు ఆ అక్షరములలో ఉన్నది. నేడు ఇటాలిక్ అని పిలుచునది దాని సంతతియే. దానికి మూలము ఒక మనుష్యుని చేయి అని ఈనాడు ఎవరికిని తోచదు.

పిల్లల కథకు దగ్గరగా వచ్చునది 1557 నాటి మరియొక ప్రయత్నము. ఫ్రాన్సులో లియాన్ నగరమున రాబర్ గ్రాంజాన్ అను అక్షరశిల్పి ఉండెను. ఇటలీవారి చేతివ్రాతకు అచ్చు లభించినది గదా, ఫ్రెంచివారి చేతివ్రాతకు మాత్రము ఎందుకుండరాదని అతడు తలచి, ముడులు, కొక్కెములు, తోకలు గల అక్షరములను చెక్కెను. అతడు దానిని ఫ్రెంచి అక్షరము అనియే పిలిచెను. కాని లోకము దానికి మరియొక పేరు పెట్టినది. ఎరాస్మస్ అను డచ్చి పండితుడు 1530లో పిల్లల మర్యాదలను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసియుండెను. భోజనమువద్ద ఎట్లు కూర్చుండవలెను, ముక్కు ఎట్లు తుడుచుకొనవలెను మొదలగు విషయములు దానిలో కలవు. ఆ పుస్తకపు ఫ్రెంచి రూపములను ఈ అక్షరములతో అచ్చువేయుట పరిపాటియైనది. పిల్లవాడు మర్యాదలను నేర్చుకొనుచునే పెద్దల చేతివ్రాతను చదువుటయు నేర్చుకొనునని ఉద్దేశము. అందుచే ఆ అక్షరమునకే సివిలితె, అనగా మర్యాద, అని పేరు స్థిరపడెను. బడిలో అక్షరరూపమును బోధనా సాధనముగా వాడుట నాలుగున్నర శతాబ్దములనాటి పని అని దీనివలన తెలియుచున్నది. సివిలితె ఎంతో అందమైనదైనను ఎక్కువగా వ్యాపింపలేదు. నిలువుగా, విడివిడిగా ఉండు రోమను అక్షరమునకు పాఠకుల కన్నులు అప్పటికే అలవాటుపడియుండెను.

తరువాతి కాలమున చేతివ్రాత టైపులు అనేకము వచ్చినవి. వానిలో 1953 నాటి మిస్ట్రాల్ చెప్పుకొనదగినది. మార్సే నగరమునందలి ఆలివ్ ఫౌండ్రీ కొరకు రోజే ఎక్స్‌కొఫాన్ తన స్వంత దస్తూరీని ఆధారముగా తీసికొని దీనిని గీసెను. సీసపు ముక్కలు వేరువేరుగా ఉండునవి గదా. వానిని వరుసగా పేర్చినప్పుడు ఒక అక్షరపు తోక ప్రక్క అక్షరపు తలతో సరిగా కలియవలెను. ఏ అక్షరము ప్రక్కన ఏ అక్షరము వచ్చినను ఆ అతుకు తెలియరాదు. అతడు దానిని సాధించెను. దుకాణముల బోర్డులపై నేటికిని ఆ అక్షరములు కనబడుచుండును.

కామిక్ సాన్స్ పుట్టుక ఇంత గంభీరమైనది కాదు. విన్సెంట్ కానేర్ అను అమెరికా దేశస్థుడు 1990ల తొలినాళ్లలో మైక్రోసాఫ్టు సంస్థలో ఫాంట్ల ఇంజనీరుగా పనిచేయుచుండెను. కంప్యూటరు అనిన భయపడువారికై ఆ సంస్థ అప్పుడు బాబ్ అను ప్రోగ్రామును సిద్ధము చేయుచుండెను. తెరపై ఒక ఇంటి గదులు కనబడును. బల్లమీది కాగితమును తాకినచో ఉత్తరము వ్రాయు పని మొదలగును. దారి చూపుటకు రోవర్ అను పసుపురంగు కుక్కపిల్ల ఉండును. దాని మాటలు నోటి ప్రక్కన బుడగలో కనబడును. 1994లో ఆ ప్రోగ్రాము నమూనాను చూచిన కానేర్, బుడగలోని మాటలు టైమ్స్ న్యూ రోమన్ అక్షరములలో ఉండుట గమనించెను. లండను టైమ్స్ పత్రిక కొరకు 1932లో వాడుకకు వచ్చిన గంభీరమైన అక్షరమది. కుక్కపిల్ల వార్తాపత్రిక సంపాదకీయమువలె మాటలాడుట అతనికి నచ్చలేదు.

అతని గదిలో రెండు చిత్రకథల పుస్తకములుండెను. ఒకటి బ్యాట్‌మన్ కథయగు ది డార్క్ నైట్ రిటర్న్స్, రెండవది వాచ్‌మెన్. రెండును 1986లో ప్రచురణ మొదలైనవి. మొదటిదానిలోని బుడగల వ్రాత జాన్ కాస్టాంజా అను లేఖకునిది, రెండవదానిది చిత్రకారుడగు డేవ్ గిబ్బన్స్‌ది. ఆ కాలమున చిత్రకథలలోని మాటలను కలముతో చేతనే వ్రాయుచుండిరి. కానేర్ వానిని నకలు తీయలేదు. ఆ వ్రాతలోని పోకడను కన్నులతో పట్టుకొని, తెరపైననే మౌసుతో అక్షరములను గీసెను. చిత్రకథల బుడగలలో సాధారణముగా పెద్ద అక్షరములే ఉండును. అతడు చిన్న అక్షరములను కూడ కల్పించెను. సాన్స్ అను ఫ్రెంచి మాటకు "లేకుండ" అని అర్థము. అక్షరపు కాళ్ల చివర టైమ్స్‌కు ఉండునట్టి చిన్న అడ్డగీతలు లేనివని ఆ పేరు తెలుపుచున్నది.

కాని అనుకొన్న పని నెరవేరలేదు. బాబ్ ప్రోగ్రాములోని బుడగలన్నియు అంతకుముందే టైమ్స్ అక్షరపు కొలతలకు సరిపోవునట్లు గీయబడియుండెను. క్రొత్త అక్షరములు కొంచెము పెద్దవి, వానిలో ఇమడలేదు. 1995 మార్చిలో బాబ్ పాత అక్షరములతోనే వెలువడి, జనులకు నచ్చక, మరుసటి సంవత్సరమే మూలబడెను. కుక్కపిల్ల మాత్రము 2001లో విండోస్ ఎక్స్‌పిలో ఫైళ్లు వెదకిపెట్టు పనికి మరల కుదిరెను.

ఫాంటు మిగిలిపోయెను. పిల్లలు బొమ్మల సినిమాలు తీయుటకై ఉద్దేశించిన మరియొక మైక్రోసాఫ్టు ప్రోగ్రాములో దానికి మొదట చోటు దొరికెను. 1995 ఆగస్టులో విండోస్ 95తోపాటు అమ్మిన ప్లస్ అను అదనపు కట్టలో చేరెను. పిదప విండోస్‌లోనే భాగమై, 1996లో ఇంటర్నెట్టు పుటల కొరకు ఉచితముగా పంచిన ఫాంట్ల జాబితాలోను చేరెను. ఇంతటితో అది కోట్ల కంప్యూటర్లలోనికి ప్రవేశించెను. చరిత్రలో ఏ టైపు ఫౌండ్రీకిని ఇంతటి పంపకము సాధ్యము కాలేదు. ఉత్తరము వ్రాయబోవు సామాన్యుడు ఫాంట్ల పట్టికను తెరచినప్పుడు, గంభీరమైన పేర్ల నడుమ నవ్వు మొగముతో కనబడినది ఇదియొక్కటే.

దీని రూపమునకు మరియొక సాంకేతిక కారణము కూడ తోడ్పడినది. కంప్యూటరు తెర చిన్న చిన్న చుక్కలతో కూడినది. ఆనాటి విండోస్ లెక్కలో అంగుళమునకు 96 చుక్కలు. ఒక అంగుళమునకు 72 పాయింట్లు కావున, 12 పాయింట్ల అక్షరము 16 చుక్కల ఎత్తుగల గడిలో ఇమడవలెను. చిన్న అక్షరపు నడుము భాగమునకు అందులో సుమారు సగమే దక్కును. ప్రతి చుక్కయు నలుపో తెలుపో కావలసినదే. నడిమి ఛాయలకు సాధారణముగా అవకాశము లేదు. గీతల కొనలను నున్నగా చూపు ఏర్పాటు ఆ ప్లస్ కట్టతోనే విండోస్ 95కు వచ్చెను. అట్టి ముతక గళ్లలో టైమ్స్ వంటి అక్షరపు సన్నని అడ్డగీతలు, బొద్దు సన్నముల తేడాలు చెడిపోవును. ఒకే మందము గల కామిక్ సాన్స్ గీతలకు ఆ బాధ తక్కువ. ఏ కొలతలో ఏ చుక్క నల్లబడవలెనో తెలుపు ఆదేశములను ఫాంటులోనే పొందుపరచుదురు. కానేర్‌కు ఆ విద్యలో మంచి నేర్పు కలదు. అందుచే ఆనాటి తెరపై అది సుఖముగా చదువదగిన అక్షరముగా కనబడెను.

అదే అక్షరమును అంగుళమునకు 600 చుక్కలు వేయు ప్రింటరుతో కాగితముపై అచ్చుతీసినచో కథ మారును. 16 చుక్కల స్థానమున 100 చుక్కలు వచ్చును. తెరపై అణగిపోయిన ప్రతి వంకరయు ఇప్పుడు స్పష్టమగును. బుడగలోని రెండు మూడు మాటలకు ఈ వంకరలే అందము. పుట నిండ వ్రాసినచో పుట అక్కడక్కడ నల్లగా, అక్కడక్కడ పలుచగా మచ్చలు పడినట్లుండును. వేగముగా చూచినచో ఇది ఎవరికిని తెలియదు. అక్షరములతోనే బ్రతుకువారికి మాత్రము కంటిలో నలుసువలె గుచ్చుకొనును.

వారు ఊరకుండలేదు. అమెరికాలోని ఇండియనాపొలిస్ నగరమున డేవ్, హాలీ కోంబ్స్ అను దంపతులు అక్షరరచన, రూపకల్పన చేయువారు. 1999 ప్రాంతమున పిల్లల ప్రదర్శనశాల పనిలో ఈ ఫాంటునే వాడవలెనని వారిపై ఒత్తిడి వచ్చెను. ఆ విసుగు నుండి కామిక్ సాన్స్‌ను బహిష్కరింపుడను ఉద్యమము పుట్టెను. హాస్యముగా మొదలైనను అది దేశదేశములకు ప్రాకెను. వారు చూపిన కారణమునకు బలము లేకపోలేదు. కొంటెగా నవ్వు అక్షరములతో ప్రమాద హెచ్చరిక వ్రాసినచో ఆ హెచ్చరికను ఎవరు లెక్కచేయుదురు? కానేర్ దీనికి నొచ్చుకొనలేదు. దానిని ప్రేమించువారికిని ద్వేషించువారికిని అక్షరశాస్త్రము తెలియదని అతడు పరిహాసమాడెను. అతడు 1996లో గీసిన ట్రెబుషే అను ఫాంటు నిదానమైనది, చక్కనిది. దానిని గూర్చి మాత్రము ఎవరును పోట్లాడుకొనలేదు.

ఈ తగవులో విజ్ఞానశాస్త్రమునకు పాత్ర లభించినది 2012 జూలై 4న. జెనీవా వద్దనున్న సెర్న్ పరిశోధనాలయములో హిగ్స్ బోసాను లక్షణములు గల క్రొత్త కణము కనబడినదని ఆనాడు ప్రకటించిరి. దాని ద్రవ్యరాశి సుమారు 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. దాదాపు ఐదు దశాబ్దముల నిరీక్షణ అచట ఫలించినది. అట్లాసు ప్రయోగము పక్షమున ఫలితములను చూపిన ఫాబియోలా జనోటి తన పుటలను కామిక్ సాన్స్‌తో తయారుచేసియుండెను. కణమును గూర్చి ఒక్క ముక్కయు అర్థముకాని వేలమంది ఆనాడు ఫాంటును గూర్చి వ్యాఖ్యానములు వ్రాసిరి. మరుసటి సంవత్సరము పీటర్ హిగ్స్‌కును, ఫ్రాన్స్వా ఆంగ్లేర్‌కును నోబెలు బహుమతి వచ్చెను. జనోటి 2016లో సెర్న్‌కు డైరెక్టరు జనరలు అయ్యెను. 2014 ఏప్రిలు 1వ తేదీన సెర్న్ తన ప్రకటనలన్నిటిని కామిక్ సాన్స్‌లోనికి మార్చుచున్నామని ప్రకటించి, నవ్వినవారితో తానును నవ్వెను. ఫలితము సత్యమైనప్పుడు అక్షరము ఏదైన నేమి అనువారు ఒకవైపు, అంత గొప్ప ఫలితమునకు తగిన వేషము వేయరాదా అనువారు మరియొకవైపు నిలిచిరి. ఆ పుటలలోని సంఖ్యలు మాత్రము ఏ అక్షరములో వ్రాసినను మారునవి కావు.

బడిపంతులకు ఈ ప్రశ్న మరియొక రూపమున ఎదురగును. ఇంగ్లీషు నేర్చు పిల్లలకు కామిక్ సాన్స్‌లో ఒక సౌకర్యము కలదు. పుస్తకములలో సాధారణముగా కనబడు చిన్న "ఏ" అక్షరమునకు తలపై కొక్కెముండును. పిల్లలు చేతితో నేర్చునది కొక్కెము లేని గుండ్రని రూపము. కామిక్ సాన్స్‌లో ఈ రెండవ రూపమే ఉన్నది. పెద్ద "ఐ" అక్షరమునకు పైన క్రింద అడ్డగీతలున్నందున అది చిన్న "ఎల్" అక్షరముతో కలిసిపోదు. అక్షరముల నడుమ ఎడమును ఉదారముగా ఉండును. డిస్లెక్సియా, అనగా తెలివి ఉండియు చదువుటలో కష్టపడు స్థితి గల పిల్లలకై బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచించిన అక్షరములలో ఏరియల్‌తోపాటు ఇదియు కలదు. ఈ మేలులో ఎంత పాలు వంపులది, ఎంత పాలు ఎడముది అన్నది వేరు ప్రశ్న. అక్షరముల మధ్య ఎడము పెంచినంతనే అట్టి పిల్లలు మెరుగుగా చదివినట్లు ఇటలీ, ఫ్రాన్సు దేశముల పిల్లలపై చేసి 2012లో ప్రకటించిన పరిశోధన ఒకటి కలదు.

దీనికి ఎదురుగా నడచిన పరిశోధనయు ఉన్నది. 2011లో డీమండ్-యౌమన్, ఓపెన్‌హైమర్, వాన్ అనువారు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఒక ఉన్నత పాఠశాలలో 222 మంది విద్యార్థులకు పాఠములను రెండు విధములుగా ఇచ్చిరి. కొందరికి మామూలు అక్షరములలోను, కొందరికి చదువుటకు కొంచెము కష్టమైన అక్షరములలోను. ఆ కష్టమైనవానిలో ఏటవాలుగా మార్చిన కామిక్ సాన్స్ ఒకటి. కష్టమైన అక్షరములలో చదివినవారికే మార్కులు మెరుగుగా వచ్చినవి. కన్ను తడబడినప్పుడు మనస్సు నిదానించునని వారి ఊహ. వార్త ప్రపంచమంతట వ్యాపించెను. కాని తరువాత ఇతరులు చేసిన అనేక ప్రయోగములలో ఆ ఫలితము నిలువలేదు. అన్నిటిని కలిపి చూచిన 2018 నాటి పరిశీలనలో చెప్పుకొనదగిన లాభము కనబడలేదు. ఫాంటు మార్చి మార్కులు పెంచవచ్చునని ఏ ఉపాధ్యాయుడును ఆశపడవలసిన పని లేదు.

చేతివ్రాతను పోలిన అచ్చుకు ఒక లోపము సహజము. మనుష్యుడు ఒకే అక్షరమును పదిసార్లు వ్రాసినచో పది రూపములు వచ్చును. అచ్చులో పదిసార్లును ఒకే వంకర వచ్చును. ఆ పునరుక్తియే నకిలీతనమును బయటపెట్టును. 1989లో నెదర్లాండ్స్‌కు చెందిన యుస్ట్ వాన్ రోసమ్, ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్ అను యువకులు బెయోవుల్ఫ్ అను ఫాంటును తయారుచేసిరి. ప్రింటరు దానిని అచ్చుతీయు ప్రతిసారి అక్షరపు అంచులు యాదృచ్ఛికముగా మారుచుండును. 1996లో మైక్రోసాఫ్టు, అడోబి సంస్థలు ప్రకటించిన ఓపెన్‌టైపు పద్ధతి ఈ పనిని సులభము చేసినది. ఒక అక్షరమునకు నాలుగైదు రూపములను ఫాంటులో ఉంచి, ప్రక్కన ఏమి వచ్చినదో చూచి ఒకదానిని ఎన్నుకొనుమని చెప్పవచ్చును. కామిక్ సాన్స్ ఆ కాలమునకు ముందుది. దానిని సరిదిద్ద దలచి క్రెయిగ్ రజిన్‌స్కీ 2014లో కామిక్ న్యూ అను ఫాంటును వెలువరించెను. అందు వంకరలు తగ్గినవి. వానితోపాటు అల్లరియు కొంత తగ్గినది.

ఓపెన్‌టైపు తెలుగునకు విలాసము కాదు, అవసరము. "స్త్రీ" అను ఒక్క అక్షరమును చూడుడు. సకారము, దాని క్రింద తకారపు ఒత్తు, రేఫ, పైన గుడిదీర్ఘము. ఇవి నాలుగును తమ తమ చోట్లలో కుదురవలెను. 35 హల్లులకు 14 గుణింతపు గుర్తులు లెక్కించినను 490 రూపములగును. ఒత్తులు చేరకముందే ఇన్ని. ఇంగ్లీషులో పెద్దవి చిన్నవి కలిపి 52 అక్షరములు గీసి అల్లరి ఫాంటు చేయవచ్చును. తెలుగులో ఆ అల్లరి అన్ని గుణింతములలోను ఒకే తీరుగా ఉండునట్లు చూడవలెను. ఈ శ్రమకు ఓర్చినవారు లేకపోలేదు. బాపు గారి చేతివ్రాత ఎంతగా ప్రజల కన్నులలో నిలిచినదనగా, అది కంప్యూటరు ఫాంటుగా మారి శుభలేఖలపైకి, పుస్తకముల అట్టలపైకి వచ్చినది. 2013లో సిలికాన్ ఆంధ్ర సంస్థ ద్వారా ఉచితముగా లభించిన ఫాంట్లలో లక్కిరెడ్డి అనునది చేతివ్రాతను పోలినదే. శీర్షికలకు, ఆహ్వానములకు, గోడపత్రికలకు ఉద్దేశించినది. పెద్ద కొలతలోనే వాడవలెనని దానికి సూచన కలదు.

ఆ సూచనకు తెలుగులో కారణము గట్టిది. ర అను అక్షరము కడుపులో ఒక చుక్క పెట్టినచో ఠ అగును. ద క్రింద చిన్న నిలువు గీత చేర్చినచో ధ. దాని లోపల చుక్క చేర్చినచో థ. చేయి ఆటగా తిరిగిన ఫాంటులో, గోడపత్రికపై అరచేయంత అక్షరమైనచో, ఈ చుక్కలకు చోటుండును. అదే ఫాంటును రెండవ తరగతి వాచకములో 12 పాయింట్లకు దించినచో చుక్క గీతలో కలిసిపోవును. అప్పుడే అక్షరములు నేర్చిన పిల్లవాడు "కథ" అను మాటవద్ద ఆగి, పంతులుగారి మొగము చూచును.